టీవీ ఛానళ్లకు శాటిలైట్ బ్యాకప్ ఫీడ్: కర్నూలు, అనంతపురం, కడప కంట్రోల్ రూమ్‌ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ జిల్లా కేంద్రాల్లో, ఆదోని, ప్రొద్దుటూరు, గుంతకల్లు లాంటి ఊళ్లలో కేబుల్ కంట్రోల్ రూమ్ నడిపేవాళ్ల కోసం, అక్కడ పనిచేసే టెక్నీషియన్ల కోసం. మెయిన్ ఫీడ్ పోయినప్పుడు ఛానల్ ఆగకుండా శాటిలైట్ ఎలా ఆదుకుంటుంది, ఆదుకోలేకపోతే తప్పు ఎక్కడ జరుగుతుంది అన్నది ఇందులో ఉంది.

ఛానళ్లన్నీ ఫైబర్‌లో వస్తున్నాయి. ఇంకా మిద్దె మీద డిష్‌లు ఎందుకు?

ఫైబర్ ఎందుకు తెగుతుందో చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి కర్నూలుకు, అక్కడి నుంచి అనంతపురానికి దారి ఒకటే, 44వ నంబర్ జాతీయ రహదారి. ఫైబర్ కంపెనీల్లో చాలామంది ఆ రోడ్డు అంచునే కేబుల్ వేస్తారు. రెండు కంపెనీల దగ్గర రెండు లింకులు తీసుకుని నిశ్చింతగా ఉండే ఆపరేటర్లు ఉన్నారు. కానీ ఆ రెండూ ఒకే కాలువలో పక్కపక్కన పోతుంటే, ఒకే వంతెన మీద నది దాటుతుంటే, ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు రోడ్లు, కరెంటు, ఫోన్లు అన్నీ ఒకేసారి దెబ్బతిన్నాయి. అలాంటి రోజే జనం వార్తల కోసం టీవీ ముందు కూర్చుంటారు.

మెయిన్ ఏ కారణంతో పోతుందో, అదే కారణంతో బ్యాకప్ పోకూడదు. ఈ పేజీలో మిగతా సలహాలన్నిటికీ ఇదే ఆధారం. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న శాటిలైట్‌కు మన రోడ్డు పనులతో, వరదతో సంబంధం లేదు. దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, అవి వేరే రకం. అందుకే ఈ రెండింటి జత బాగా కుదురుతుంది.

రెండో ఫైబర్ తీసుకునే ముందు ఆ కంపెనీని రూట్ మ్యాప్ అడగండి. కడపవాళ్లకు తిరుపతి, చెన్నై వైపు నుంచి, అనంతపురం వాళ్లకు బెంగళూరు వైపు నుంచి లింకు దొరికే అవకాశం ఉంది. అది నిజంగా వేరే దారి.

బ్యాకప్ ఫీడ్ అంటే ప్రత్యేకంగా పంపే సిగ్నలా, మామూలుగా వచ్చేదేనా?

రెండూ ఉన్నాయి. అమెరికాలో పెద్ద నెట్‌వర్క్‌లకు ఊరూరా అనుబంధ స్టేషన్లు ఉంటాయి. నెట్‌వర్క్ కార్యక్రమాన్ని కేంద్రం నుంచి ఆ స్టేషన్లకు చేర్చాలి. ఫైబర్ మెయిన్ అయితే శాటిలైట్ బ్యాకప్, శాటిలైట్ మెయిన్ అయితే ఇంకో ట్రాన్స్‌పాండర్ (శాటిలైట్‌లో సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే భాగం) మీదో, ఇంకో శాటిలైట్ మీదో అదే కార్యక్రమం రెండోసారి నడుస్తుంది. స్టేషన్‌లో రెండు రిసీవర్లూ ఎప్పుడూ ఆన్‌లో ఉంటాయి, ఒకటి పోగానే రెండోది తెర మీదికి వస్తుంది.

మన దగ్గర అనుబంధ స్టేషన్ల పద్ధతి లేదు. ఛానల్ తన టెలిపోర్ట్ (శాటిలైట్‌కు పంపే కేంద్రం) నుంచి సి-బ్యాండ్‌లో (పెద్ద డిష్‌లతో అందుకునే ఫ్రీక్వెన్సీల్లో) ఒక్కసారి పైకి పంపుతుంది, దేశంలోని కంట్రోల్ రూమ్‌లన్నీ దాన్నే దించుకుంటాయి. మీరు ఎంఎస్ఓ (లోకల్ ఆపరేటర్లకు ఛానళ్లు చేర్చే పెద్ద కేబుల్ కంపెనీ) దగ్గర ఫైబర్‌లో తీసుకునే ఛానల్ కూడా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక డిష్ మీద దిగినదే. కాబట్టి ఆ సి-బ్యాండ్ సిగ్నల్‌ను మీ మిద్దె మీదే నేరుగా దించుకుంటే అదే మీ బ్యాకప్. కొత్తగా ఎవరూ ఏమీ పంపాల్సిన పని లేదు. ఒక ఊరు దించుకున్నా, వెయ్యి ఊళ్లు దించుకున్నా పైకి పంపే ఖర్చు మారదు. ఇన్నేళ్లయినా సి-బ్యాండ్ నిలబడి ఉందంటే కారణం అదే.

శాటిలైటే పాడైతే?

జరిగింది, మళ్లీ జరగవచ్చు. 1998 మే 19న అమెరికాలో గెలాక్సీ-4 దిశ తప్పింది. దేశంలోని పేజర్లలో అత్యధికం మూగబోయాయి, దాంతో పాటు కొన్ని ప్రసార ఫీడ్లూ పోయాయి. మన దగ్గర 2010 జులై 7న ఇన్శాట్-4బీకి సోలార్ ప్యానెల్ వైపు కరెంటు సమస్య వచ్చింది. సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. సన్ డైరెక్ట్ ఛానళ్లను 91.5 డిగ్రీల మీద ఉన్న మీశాట్-3కి మార్చారు. మారినది రెండు డిగ్రీలే అయినా డిష్‌లు తిప్పక తప్పలేదు. 2024 అక్టోబరు 19న 60 డిగ్రీల తూర్పున ఉన్న ఇంటెల్‌శాట్ 33ఇ ముక్కలైపోయింది.

ఇలాంటి రోజు కోసం ప్రసారకర్తలు ట్రాన్స్‌పాండర్ ఒప్పందంలోనే రక్షణ రాయించుకుంటారు. రక్షిత ఒప్పందమైతే, మన ట్రాన్స్‌పాండర్ పోయినప్పుడు కంపెనీ అదే శాటిలైట్‌లోనో ఇంకోదాంట్లోనో చోటు ఇస్తుంది. రక్షణ లేని ఒప్పందమైతే ఇవ్వదు. అన్నిటికన్నా చవకైన మూడో రకంలో, ఇంకొకరికి అవసరం వస్తే మనల్నే ఖాళీ చేయిస్తారు. బ్యాకప్‌ను మూడో రకంలో పెట్టుకుంటే, పెద్ద వైఫల్యం వచ్చిన రోజున అందరూ ఒకేసారి ఖాళీ చోటు కోసం ఎగబడతారు, ముందు పోయేది మన చోటే.

నిబంధనలు కూడా మారాయి. ఒకప్పుడు మన దేశంలో ఒక ఛానల్ ఒకే టెలిపోర్ట్, ఒకే శాటిలైట్ నుంచి పంపాలి. 2022 నవంబరులో వచ్చిన అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ మార్గదర్శకాలు ఒకటికి మించి టెలిపోర్ట్‌లు, శాటిలైట్లు వాడుకోవడానికి అనుమతించాయి. బ్యాకప్ విషయంలో ఇది చాలా పెద్ద మార్పు.

మీ వైపు చేయాల్సిన పని చిన్నదే. ప్రతి ముఖ్యమైన ఛానల్‌కూ ప్రత్యామ్నాయ శాటిలైట్ ఏది, ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ (తరంగం నిలువా, అడ్డమా), సింబల్ రేట్ (సెకనుకు వచ్చే సింబళ్లు) ఎంత అని ప్రసారకర్త సాంకేతిక విభాగాన్ని ముందే అడిగి, కాగితం మీద రాసి రాక్ తలుపుకు అంటించండి. ఆ రోజు ఫోన్ లైన్లు దొరకవు.

మన ఊళ్ల నుంచి డిష్ ఎటు తిప్పాలి?

కర్నూలు నుంచి లెక్క ఇది. దిక్కు నిజ ఉత్తరం నుంచి సవ్యదిశలో, ఎత్తు క్షితిజం నుంచి.

83 డిగ్రీల తూర్పు (జీశాట్-30): దిక్కు 162, ఎత్తు 70.5
93.5 డిగ్రీల తూర్పు (జీశాట్-17): దిక్కు 135, ఎత్తు 64
68.5 డిగ్రీల తూర్పు (ఇంటెల్‌శాట్-20): దిక్కు 212, ఎత్తు 68.5
66 డిగ్రీల తూర్పు (ఇంటెల్‌శాట్-17): దిక్కు 218, ఎత్తు 67

83 డిగ్రీల శాటిలైట్‌కు అనంతపురంలో దిక్కు 159.5, ఎత్తు 71.5. కడపలో దిక్కు 164, ఎత్తు 72. ఇవి వెతకడం మొదలుపెట్టడానికే, చివరి సర్దుబాటు మీటర్ చూసే చేయాలి.

ఈ ఎత్తు వల్ల మన ప్రాంతానికి ఒక లాభం, ఒక ఇబ్బంది. లాభం: డిష్ దాదాపు నడినెత్తికి చూస్తుంది కాబట్టి మిద్దె అంచున కాకుండా లోపల, పిట్టగోడ చాటున కింద పెట్టినా శాటిలైట్ కనిపిస్తుంది. పక్క మిద్దె మీది మొబైల్ టవర్ మాత్రం డిష్‌కు కనిపించదు. ఇది ఎంత మేలు చేస్తుందో 5జీ ప్రశ్నలో చూడండి. ఇబ్బంది: నిలువుకు 20 డిగ్రీలే వాలి ఉండే డిష్ గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. జాలీ డిష్‌కు సమస్య లేదు. రేకు డిష్ అయితే అడుగున, నీరు చేరే చోట రంధ్రం ఉండి తీరాలి. వేపాకులు, దుమ్ము దాన్ని మూసేస్తాయి. వాన నిలిచిన రెండు గంటల తర్వాత కూడా సిగ్నల్ తక్కువగా ఉందంటే ముందు ఆ రంధ్రం చూడండి.

ఎన్ని అడుగుల డిష్ కావాలి? ఎనిమిది అడుగులు చాలదా?

చాలా ఛానళ్లకు 8 అడుగుల డిష్‌తో బొమ్మ వస్తుంది. బ్యాకప్‌కు బొమ్మ రావడం ఒక్కటే చాలదు, మిగులు ఉండాలి. డీవీబీ-ఎస్2 (శాటిలైట్ టీవీ ప్రసార ప్రమాణం)లో సిగ్నల్‌ను కూర్చే పద్ధతులను బట్టి క్యూపీఎస్‌కే 3/4కు కనీసం 4 డీబీ (డెసిబెల్), 8పీఎస్‌కే 2/3కు 6.6 డీబీ, 8పీఎస్‌కే 3/4కు 7.9 డీబీ సి/ఎన్ (శబ్దంతో పోలిస్తే సిగ్నల్ బలం) ఉండాలి. ఇవి అంచులు. అంచు దాటి ఒక డీబీ దిగితే బొమ్మ మసకబారదు, ఒక్కసారిగా ఆగిపోతుంది. దీని మీద కనీసం 3 డీబీ మిగులు పెట్టుకోండి. అంటే 8పీఎస్‌కే 3/4 ఛానల్‌కు మీటర్‌లో 11 చూపించాలి.

8 అడుగుల నుంచి 12 అడుగులకు వెళ్తే 3.5 డీబీ పెరుగుతుంది. కావాల్సిన మిగులు దాదాపు అంతే కనుక మేము 12 అడుగులే సిఫారసు చేస్తాం. పెద్ద డిష్ పక్క శాటిలైట్ల సిగ్నల్‌ను కూడా బాగా దూరం పెడుతుంది. మిద్దె మీద చోటు లేక 8 అడుగులే పెట్టాల్సి వస్తే, క్యూపీఎస్‌కేలో వచ్చే ఛానళ్లను దానికి ఇవ్వండి.

కేబుల్ సంగతి కూడా. ఈ ఫ్రీక్వెన్సీల్లో ఆర్‌జీ-6 వంద మీటర్లకు 25 డీబీ పైగా మింగుతుంది. ఆర్‌జీ-11 అయితే 17, 18. డిష్ నుంచి రాక్ వరకు 30 మీటర్లు దాటితే ఆర్‌జీ-11 వేయండి.

ఎల్‌ఎన్‌బీ ఏది కొనాలి? లెక్క ఎలా వేయాలి?

ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ముందు ఉండి, సిగ్నల్‌ను పెంచి, తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి కేబుల్‌లోకి ఇచ్చే పెట్టె. సి-బ్యాండ్ ఎల్‌ఎన్‌బీలో ఆ మార్పు చేసే లోకల్ ఆసిలేటర్ 5150 మెగాహెర్ట్జ్. అందులోంచి ఛానల్ ఫ్రీక్వెన్సీ తీసేస్తే కేబుల్‌లో వచ్చేది తెలుస్తుంది. ఉదాహరణకు 3840లో వచ్చే క్యారియర్ కేబుల్‌లో 1310 దగ్గర ఉంటుంది. ఎనలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే మీటర్‌లో) వెతికేటప్పుడు ఈ తీసివేత నోటికి రావాలి. పైన ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నది కేబుల్‌లో తక్కువగా కనిపిస్తుందని గుర్తుంటే చాలు.

పీఎల్‌ఎల్ (ఫ్రీక్వెన్సీని కచ్చితంగా పట్టి ఉంచే రకం) ఎల్‌ఎన్‌బీ కొనండి. చవక డీఆర్‌ఓ రకంలో ఫ్రీక్వెన్సీ వేడికి పక్కకు జరిగిపోతుంది, తేడా ఒక మెగాహెర్ట్జ్ దాకా ఉండవచ్చు. పీఎల్‌ఎల్ రకంలో అది కొన్ని పదుల కిలోహెర్ట్జ్ మాత్రమే. సింబల్ రేట్ 30 మెగా ఉన్న పెద్ద క్యారియర్‌కు డీఆర్‌ఓతోనూ గడుస్తుంది. కానీ ఒక్క ఛానల్ మోసే 2, 3 మెగా సింబళ్ల చిన్న క్యారియర్‌కు ఒక మెగాహెర్ట్జ్ అంటే సగం వెడల్పు. కర్నూలు మే నెల మధ్యాహ్నం డిష్ మీద ఎల్‌ఎన్‌బీ ఎంత కాలుతుందో చేయి పెడితే తెలుస్తుంది. పొద్దున పనిచేసి మధ్యాహ్నం లాక్ పోయి రాత్రి మళ్లీ వచ్చే ఫీడ్‌కు చాలాసార్లు కారణం ఇదే.

5జీ టవర్ వచ్చినప్పటి నుంచి ఒక్కసారిగా అన్ని ఛానళ్లూ ఆగి ఆగి వస్తున్నాయి. ఎందుకు?

2022 వేలంలో మొబైల్ కంపెనీలకు ఇచ్చిన మధ్య బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. శాటిలైట్ టీవీ 3700 నుంచి మొదలవుతుంది. మధ్య ఎడం 30 మెగాహెర్ట్జే. కాగితం మీద రెండూ వేరు. కానీ పాత ఎల్‌ఎన్‌బీ 3400 నుంచి 4200 వరకు ఉన్నదంతా లోపలికి లాగి పెంచుతుంది. శాటిలైట్ సిగ్నల్ పోలికకు అందనంత బలహీనం, టవర్ పక్కనే ఉంటుంది. ఆ బలానికి ఎల్‌ఎన్‌బీ లోపలి ఆంప్లిఫయర్ నిండిపోయి, 3900లో ఉన్న ఛానల్‌ను కూడా సరిగా పెంచలేదు. అందుకే ఒక్క ట్రాన్స్‌పాండర్ కాకుండా అన్నీ కలిసి పడిపోతాయి.

నిర్ధారించుకోవడం తేలిక. ఎనలైజర్‌ను కేబుల్‌కు పెట్టి 1480 నుంచి 1750 మధ్య చూడండి. అక్కడ గుట్టలా లేచి కదులుతుంటే అది 5జీ. డిష్‌ను కొద్దిగా తిప్పినా అది తగ్గకపోతే ఇక సందేహం అక్కర్లేదు.

మందు బ్యాండ్‌పాస్ ఫిల్టర్. దాన్ని ఫీడ్‌హార్న్‌కు (డిష్ నుంచి సిగ్నల్‌ను అందుకునే గొట్టానికి), ఎల్‌ఎన్‌బీకి మధ్య బిగించాలి. చాలామంది చవకగా దొరుకుతుందని కేబుల్‌లో పెట్టే ఫిల్టర్ కొంటున్నారు, అది పనికిరాదు. నష్టం ఎల్‌ఎన్‌బీ లోపలే జరిగిపోయాక కేబుల్‌లో వడపోసి లాభం లేదు. ఫిల్టర్ వల్ల అర డీబీ వరకు సిగ్నల్ తగ్గుతుంది, మిగులు లెక్కలో కలుపుకోండి. లోపలే ఫిల్టర్ ఉన్న 3700–4200 ఎల్‌ఎన్‌బీలూ వస్తున్నాయి. టవర్ మరీ దగ్గరైతే రెండూ వాడండి, పైన చెప్పినట్టు డిష్‌ను గోడ చాటుకు దించండి.

మార్చిలో, అక్టోబరు మొదట్లో మధ్యాహ్నం పూట రోజూ పది నిమిషాలు పోతోంది. ఎల్‌ఎన్‌బీ మార్చాలా?

వద్దు. అది సన్ ఔటేజ్. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి డిష్‌లోకి తన రేడియో శబ్దాన్ని కుమ్మరిస్తాడు. మన అక్షాంశాల్లో ఇది దాదాపు మార్చి 11–16 మధ్య, మళ్లీ సెప్టెంబరు చివరి రోజులు, అక్టోబరు ఒకటి రెండు తేదీల్లో వస్తుంది. రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు. కర్నూలులో 83 డిగ్రీల శాటిలైట్‌కు మార్చిలో 12 గంటలు దాటిన కాసేపటికి, సెప్టెంబరు చివర్లో 11.45 ప్రాంతంలో. 66 డిగ్రీల శాటిలైట్‌కు మార్చిలో ఒంటి గంట ఇరవై, సెప్టెంబరు చివర్లో ఒంటి గంట దాటాక.

ఈ సమయాల తేడానే వాడుకోవాలి. మెయిన్ 83లో, బ్యాకప్ 66లో దొరికితే రెండూ ఒకే నిమిషంలో పోవు. రెండూ ఒకే శాటిలైట్‌లో రెండు ట్రాన్స్‌పాండర్లైతే రెండూ కలిసే పోతాయి. ఫైబర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ ఛానల్‌ను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దించే డిష్‌కూ అదే శాటిలైట్ సన్ ఔటేజ్ దాదాపు అదే సమయానికి వస్తుంది.

వానకు పోతుందా?

సి-బ్యాండ్ పోదు. కుండపోతలో కూడా నష్టం ఒక డీబీ లోపే. కేయూ-బ్యాండ్ మాత్రం గట్టి వానకు తెగిపోతుంది, డీటీహెచ్ పెట్టుకున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. మన సీమలో వాన తక్కువైనా కురిసిన రోజు బలంగానే కురుస్తుంది.

బ్యాకప్ ఐఆర్‌డీని (శాటిలైట్ రిసీవర్ పెట్టెను) ఆఫ్ చేసి పెట్టుకుని అవసరమైనప్పుడు ఆన్ చేయవచ్చా?

చేయకండి. బ్యాకప్‌లు అక్కరకు రాకపోవడానికి మేము చూసిన కారణాల్లో ఇది అన్నిటికన్నా ముందుంటుంది.

పే ఛానల్ ఐఆర్‌డీకి అనుమతి సిగ్నల్‌తో పాటే పైనుంచి వస్తుంది. కార్డు గడువు ముందు కొత్త అనుమతి సందేశాలు పదే పదే ప్రసారమవుతాయి. ఆ రోజుల్లో పెట్టె ఆఫ్‌లో ఉంటే అది వాటిని అందుకోలేదు. ఆరు నెలల తర్వాత, ఫైబర్ తెగిన రాత్రి ఆన్ చేస్తే లాక్ వస్తుంది, సిగ్నల్ బాగుంటుంది, బొమ్మ మాత్రం రాదు. మళ్లీ అనుమతి పంపించమని ప్రసారకర్తకు ఫోన్ చేయాలి, అది ఏ గంటకు వస్తుందో చెప్పలేం. కాబట్టి బ్యాకప్ ఐఆర్‌డీ 24 గంటలూ ఆన్‌లో, లాక్‌లో, డీకోడ్ అవుతూ ఉండాలి.

దీనితో ముడిపడిన ఇంకో తప్పు కరెంటుది. ఎల్‌ఎన్‌బీకి 13, 18 వోల్టులు కేబుల్ ద్వారా ఐఆర్‌డీయే ఇస్తుంది. 13 అయితే నిలువు, 18 అయితే అడ్డం పోలరైజేషన్. ఒక ఎల్‌ఎన్‌బీని స్ప్లిటర్ పెట్టి ఎనిమిది ఐఆర్‌డీలకు పంచినప్పుడు కరెంటు దారి ఉన్న పోర్టు ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క ఐఆర్‌డీ చెడితే మిగతా ఏడూ పోతాయి, మెయిన్, బ్యాకప్ అన్న తేడా లేకుండా. ఎల్‌ఎన్‌బీకి విడిగా పవర్ ఇన్సర్టర్ పెట్టి దాన్ని యూపీఎస్‌కు కలపండి. ఐఆర్‌డీలన్నిటిలో ఎల్‌ఎన్‌బీ పవర్ ఆఫ్ చేయండి.

నేను ఎంఎస్ఓ కింద ఉన్న లోకల్ ఆపరేటర్‌ని. డిష్ పెట్టుకుంటే సరిపోతుందా?

డిష్ ఒక్కటీ సరిపోదు. మీకు ఫైబర్‌లో వచ్చేది ఎంఎస్ఓ అప్పటికే తన సీఏఎస్‌తో (డబ్బు కట్టినవాళ్లకే ఛానల్ కనిపించేలా చేసే వ్యవస్థతో) తాళం వేసిన సిగ్నల్. ఇళ్లలోని బాక్సులు ఆ తాళాన్నే తెరుస్తాయి. మీరు డిష్ మీద దించిన ఛానల్‌కు అదే తాళం వేయాలంటే మీ దగ్గర మక్స్ (ఛానళ్లను కలిపి ఒకే స్ట్రీమ్ చేసే పెట్టె), స్క్రాంబ్లర్ (తాళం వేసే పెట్టె) ఉండాలి. అవి ఎంఎస్ఓవే అయి ఉండాలి, ఐఆర్‌డీలూ ఎంఎస్ఓ పేరు మీదే వస్తాయి. కాబట్టి జిల్లా కేంద్రంలో చిన్న హెడ్ ఎండ్ (ఛానళ్లను దించి, తాళం వేసి పంపే కేంద్రం) పెట్టమని ఎంఎస్ఓను కలిసికట్టుగా అడగండి.

అడిగేటప్పుడు ఒక మాట తప్పకుండా చేర్చండి. స్క్రాంబ్లర్‌కు ఎప్పటికప్పుడు ఈసీఎంలు (బాక్సులు తాళం తెరవడానికి వాడే సందేశాలు) తయారుచేసి ఇచ్చే సర్వర్ కూడా ఇక్కడే ఉండాలి. అది హైదరాబాద్‌లో ఉండి ఫైబర్ మీదుగా వస్తుంటే, ఫైబర్ తెగిన క్షణంలో స్క్రాంబ్లర్ కూడా ఆగుతుంది. డిష్, ఐఆర్‌డీ అన్నీ బాగుండి కూడా ఇంట్లో తెర నల్లగా ఉంటుంది.

డీటీహెచ్ బాక్సు అవుట్‌పుట్‌ను కేబుల్‌లో వేయడం బ్యాకప్ కాదు, అది ఒప్పంద ఉల్లంఘన. దూరదర్శన్ ఛానళ్లు ఫ్రీ టు ఎయిర్ కాబట్టి వాటికి ఆ చిక్కు లేదు.

బ్యాకప్‌కు మారాక కొన్ని బాక్సుల్లో మాటలు రావడం లేదు, కొన్నింట్లో అసలు ఛానలే లేదు. ఎందుకు?

పీఐడీలు (స్ట్రీమ్‌లో వీడియో, ఆడియోలకు ఉండే గుర్తింపు నంబర్లు) కలవలేదు. ఫైబర్ ఫీడ్‌లో ఆ ఛానల్ వీడియో ఒక పీఐడీలో, ఐఆర్‌డీ నుంచి ఇంకో పీఐడీలో వస్తోంది. కొత్త బాక్సులు పీఎంటీ (ఛానల్‌లో ఏది ఏ పీఐడీలో ఉందో చెప్పే పట్టిక) మారిందని గమనించి తామే సర్దుకుంటాయి. పాత బాక్సులు మొదటి పీఐడీ కోసమే చూస్తూ కూర్చుంటాయి. సర్వీస్ ఐడీ (ఛానల్ గుర్తింపు నంబర్) మారితే అసలు ఛానలే గుర్తుపట్టవు, మళ్లీ స్కాన్ చేస్తే గానీ రాదు. వేల ఇళ్లలో స్కాన్ చేయించలేం కదా.

మక్స్‌లో బ్యాకప్ ఇన్‌పుట్‌కు పీఐడీ రీమ్యాప్ పెట్టి సర్వీస్ ఐడీ, వీడియో, ఆడియో, పీసీఆర్ (టైమింగ్) పీఐడీలన్నీ మెయిన్‌తో సమానం చేయండి. ఆడియో కోడెక్ కూడా చూడండి. మెయిన్‌లో ఎంపెగ్ ఆడియో, బ్యాకప్‌లో డాల్బీ ఉంటే బొమ్మ వచ్చి మాట రాదు. తెలుగు, తమిళం లాంటి రెండు మూడు ఆడియోలున్న ఛానల్‌లో వరుస మారితే ఊరంతా ఒకేసారి ఇంకో భాషలో సినిమా చూస్తుంది. ఫోన్లు ఎక్కువగా వచ్చేది దీనికే.

స్విచ్ ఆటోమేటిక్‌గా పెట్టాలా, చేత్తో మార్చాలా?

రాత్రి మనిషి ఉండని కంట్రోల్ రూమ్ అయితే ఆటోమేటిక్ తప్పదు. స్విచ్‌కు ఏం చూసి మారమని చెబుతామో అందులో ఉంది నేర్పు. సింక్ పోవడం, పీఏటీ (స్ట్రీమ్‌లోని ఛానళ్ల జాబితా), పీఎంటీ రాకపోవడం, కంటిన్యుటీ లెక్క తప్పడం, పీఐడీ కనిపించకపోవడం అనే ప్రాథమిక తప్పులు చూడమని చెప్పండి. ఒక్క ప్యాకెట్ పోయినా మారేలా పెడితే అటూ ఇటూ గంతులు వేస్తుంది. మూడు నుంచి ఐదు సెకన్లు తప్పు కొనసాగితేనే మారేలా పెట్టండి. తిరిగి మెయిన్‌కు రావడం మాత్రం చేత్తోనే ఉంచండి. తెగిన ఫైబర్‌ను అతికేవాళ్లు పని ముగిసేలోపు లింకును పదిసార్లు పైకి కిందికి చేస్తారు, ప్రతిసారీ ఇంట్లో తెర అదరకూడదు.

బొమ్మ గడ్డకట్టి, స్ట్రీమ్ మాత్రం చక్కగా నడిచే సందర్భాలను ఈ తనిఖీలు పట్టవు. దానికి తెరను, శబ్దాన్ని చూసే మానిటరింగ్ వేరుగా కావాలి, లేదా మనిషి కన్ను కావాలి.

మారినప్పుడు సీన్ ఒకటి రెండు సెకన్లు వెనక్కో ముందుకో దూకుతుంది. శాటిలైట్ ప్రయాణం పావు సెకనే, మిగతాది ఎన్‌కోడర్లు, బఫర్లు కలిపే ఆలస్యం. దాన్ని సరిచేయడానికి ఖర్చు పెట్టడం మా ఉద్దేశంలో అనవసరం.

ఇంటర్నెట్ మీద ఎస్‌ఆర్‌టీతో (వీడియో పంపే పద్ధతితో) బ్యాకప్ తీసుకుంటే పోలేదా?

లోకల్ ఛానల్‌కు, ఒకటి రెండు ఫీడ్లకు బాగుంటుంది. పోయిన ప్యాకెట్లను ఎస్‌ఆర్‌టీ మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. అందుకు సమయం ఇవ్వాలి: పింగ్ సమయానికి కనీసం నాలుగు రెట్లు లేటెన్సీ పెట్టండి. అయితే మీ ఇంటర్నెట్ కూడా అదే కాలువలోని ఫైబర్ మీద వస్తుంటే మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం. పైగా వంద ఛానళ్లకు అంత బ్యాండ్‌విడ్త్ ఖాళీగా ఉంచుకోవడం కుదరదు. 36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్ ఒక్కటే 8పీఎస్‌కే 3/4లో 66 మెగాబిట్లు మోసుకొస్తుంది, దానికి మీకయ్యే ఖర్చు ఒక డిష్, కొన్ని ఐఆర్‌డీలు.

ఒంటిమిట్ట కల్యాణం, మంత్రాలయం ఆరాధన, దేవరగట్టు బన్నీ ఉత్సవం లాంటి లైవ్‌లకు ఏ బ్యాకప్?

ఇక్కడ దారి తిరగబడుతుంది, ఊరి నుంచి స్టూడియోకు పంపాలి. మామూలు రోజుల్లో నాలుగైదు సిమ్‌లు కలిపి పంపే బ్యాక్‌ప్యాక్ చాలు. జనం లక్షల్లో చేరినప్పుడు వాళ్ల ఫోన్లన్నీ అవే టవర్ల మీద పడతాయి. సిమ్‌లు ఎన్ని ఉన్నా టవర్ నిండితే అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. మధ్యాహ్నం ట్రయల్‌లో బ్రహ్మాండంగా వెళ్లిన ఫీడ్ రాత్రి ముహూర్తానికి ఆగిపోయేది అందుకే. డీఎస్‌ఎన్‌జీ వ్యాన్ (శాటిలైట్‌కు పంపే డిష్ ఉన్న వార్తల వ్యాన్) నేరుగా కేయూ-బ్యాండ్‌లో శాటిలైట్‌కు పంపుతుంది కాబట్టి దానికి టవర్ అవసరం లేదు. వ్యాన్ మెయిన్, బ్యాక్‌ప్యాక్ బ్యాకప్‌గా పెట్టండి. వాన మబ్బు కనిపిస్తే బ్యాక్‌ప్యాక్‌ను ముందే స్టూడియోకు కలిపి ఉంచండి.

వ్యాన్‌ను కొండకు, గోపురానికి, పెద్ద చెట్టుకు దక్షిణం వైపు నిలపండి. శాటిలైట్లు మనకు దక్షిణాన ఉంటాయి. స్టూడియోలో ఆ ఫీడ్‌కు బిస్ కోడ్ (సిగ్నల్ తాళం తీసే కోడ్) ముందే చెప్పి, రిసీవర్‌లో వేయించి, ఒకసారి బొమ్మ చూసుకోవాలి.

డబ్బు కొద్దిగానే ఉంది. ముందు ఏ ఛానళ్లకు పెట్టాలి?

తెలుగు వార్తా ఛానళ్లు రెండు, జనం ఎక్కువ చూసే తెలుగు వినోద ఛానళ్లు రెండు మూడు, దూరదర్శన్. ఇవి ఏయే శాటిలైట్లలో ఉన్నాయో రాసుకుంటే ఎక్కువ భాగం ఒకటి రెండు డిష్‌లలోనే దొరుకుతాయని తెలుస్తుంది. అక్కడ మొదలుపెట్టండి. క్రికెట్ సీజన్‌లో ఒక స్పోర్ట్స్ ఛానల్ కలపండి.

పరీక్ష ఎలా చేయాలి? ఎంతకోసారి?

నెలకోసారి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య. ముందుగా ప్రతి బ్యాకప్ ఐఆర్‌డీ సి/ఎన్ రాసుకోండి, పోయిన నెల అంకెతో పోల్చండి. ఒక డీబీకి మించి తగ్గితే పగలు డిష్ చూడాలి: బోల్టు వదులైందా, ఫీడ్‌హార్న్ మూతలో కందిరీగలు గూడు కట్టాయా, కనెక్టర్‌లో నీరు చేరి పచ్చగా మారిందా. తర్వాత ఫైబర్ ప్యాచ్ కార్డ్‌ను నిజంగా ఊడదీయండి. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కి మార్చి చూస్తే, స్విచ్ తప్పును పసిగడుతుందో లేదో తెలియదు. పాత బాక్సు ఒకటి, కొత్త బాక్సు ఒకటి టీవీకి పెట్టి ప్రతి ఛానల్‌లో బొమ్మ, మాట, భాష చూడండి. పది నిమిషాలు బ్యాకప్ మీదే నడవనిచ్చి, కార్డ్ తిరిగి పెట్టి, ఫైబర్ ఐదు నిమిషాలు నిలకడగా ఉందని చూసుకుని మెయిన్‌కు రండి.

మూడు నెలలకోసారి ఇదే పరీక్షను మెయిన్ కరెంటు ఆపి, జనరేటర్ మీద చేయండి.

పిడుగుల కాలంలో ఎల్‌ఎన్‌బీలు, ఐఆర్‌డీ పోర్టులు కాలిపోతున్నాయి. డిష్‌కు ఎర్త్ ఉంది కదా?

డిష్ స్తంభానికి ఒక ఎర్త్ గుంత, రాక్‌కు ఇంకో గుంత ఉండి, రెండూ కలపకపోతే జరిగేది ఇదే. దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు గుంతల మధ్య వోల్టేజీ తేడా పుడుతుంది, అది కేబుల్ పైజాలీ గుండా పరుగెత్తి రెండు చివరలనూ కాలుస్తుంది. రెండు ఎర్త్‌లనూ మందపాటి రాగి తీగతో కలపండి. కేబుల్ గదిలోకి వచ్చే చోట గ్రౌండ్ బ్లాక్, సర్జ్ అరెస్టర్ పెట్టి అదే ఎర్త్‌కు బిగించండి. అనంతపురం రాతి నేలలో ఎర్త్ నిరోధం ఎండాకాలం బాగా పెరుగుతుంది. ఏప్రిల్ మొదట్లోనే కొలిచి, గుంతలో నీళ్లు పోయించండి. మొదటి పిడుగులు మేలో వస్తాయని ఆగకండి, చాలా ఏళ్లు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి.